గోడకెక్కిన టాబ్లెట్: జననము, జాడ్యము, చికిత్స

మారేడుపల్లి, సైనిక్‌పురి, తార్నాక మొదలగు సికింద్రాబాదు పేటలలో క్రొత్తగా కట్టిన కొన్ని ఇండ్లలో అడుగిడినచో, హాలు గోడమీద స్విచ్చిబోర్డు సరసన బిగింపబడి, ఇంటిలోని దీపములు, పంకాలు, గీజరు, మిద్దెమీది ట్యాంకులోని నీటిమట్టము, ఇన్వర్టరులో మిగిలిన ఛార్జి, గేటు కెమెరాలో కనబడు వీధి, వీనినన్నిటిని ఒక్కచోట చూపుచు, వ్రేలి స్పర్శకు విధేయమై వర్తించు ఒక టాబ్లెట్ కానవచ్చును. ఇది పెక్కుచోట్ల ప్రత్యేకముగా కొనితెచ్చినది గాక, 2020లో పాఠశాలలు మూతపడినపుడు పిల్లల ఆన్‌లైన్ పాఠములకై కొనబడి, ఆ యవసరము తీరిన పిమ్మట అలమారలో పడియుండి, తుదకు గోడకెక్కిన పాత యంత్రమే. ఎక్కిన క్రొత్తలో అది చురుకుగనే పనిచేయును. కాని కొన్ని నెలలు గడచునప్పటికి దీపపు బొమ్మను తాకిన రెండు మూడు సెకన్లకు గాని దీపము వెలుగదు, కెమెరా దృశ్యము నడుమ నిలిచిపోవును, ఒక్కొక్కప్పుడు తెర యంతయు తెల్లనై యుండిపోవును. అంతట ఇంటివారు యంత్రమునకు వార్ధక్యము వచ్చినదని నిశ్చయించి క్రొత్తదానికై బయలుదేరుదురు. ఈ నిశ్చయము చాలవరకు పొరపాటని నా దృఢాభిప్రాయము. యంత్రము కొన్ననాటి యంత్రమే; దానిపై మనము మోపిన భారము మాత్రము దినదినము పెరిగినది.

ఇట్లనుటకు కారణము ఆ యంత్రము యొక్క పుట్టుపూర్వోత్తరములలోనే కలదు. 1965లో ఇంగ్లండులోని మాల్వర్న్ పట్టణమున రాయల్ రాడార్ సంస్థలో పనిచేయుచుండిన ఇ. ఏ. జాన్సన్, విమానముల రాకపోకలను నియంత్రించువారి ఉపయోగార్థము, వ్రేలు సోకినపుడు విద్యుత్తులో కలుగు సూక్ష్మమైన మార్పును పసిగట్టు తెరను గూర్చి వ్రాసి ప్రకటించెను. తరువాతి దశకములో, స్విట్జర్లాండు, ఫ్రాన్సుల సరిహద్దున నున్న సెర్న్ పరిశోధనాలయము ఏడు కిలోమీటర్ల చుట్టుకొలతగల సూపర్ ప్రోటాన్ సింక్రోట్రాన్ అను కణత్వరణ యంత్రమును నిర్మించుచుండగా, దానిని నడపుటకు వలయు అసంఖ్యాకమైన మీటలను, సూచికలను ఒక్క గదిలో ఇముడ్చుట దుస్సాధ్యమని తోచినందున, డెన్మార్కు దేశీయుడైన బెంట్ స్టుంపే అను ఇంజనీరు సన్నని రాగి రేఖలతో పదునారు గుండీలుగల పారదర్శకమైన స్పర్శఫలకమును రూపొందించెను. ఏ గుండీకి ఏ పని యన్నది కంప్యూటరు నిర్ణయించును. ఒకటి తాకగనే ఆ పదునారింటి స్థానమున సందర్భోచితములైన వేరు గుండీలు ప్రత్యక్షమగును. 1976లో ఆ మహాయంత్రము పనికి వచ్చునాటికి నియంత్రణశాలలో ఈ ఫలకములు నెలకొనియుండెను. లెక్కలు కట్టుట, ఆజ్ఞలు పంపుట మొదలైన శ్రమ యంతయు వెనుకనున్న కంప్యూటర్లది. ఫలకము చూపుట, స్పర్శను గ్రహించుట అను రెండు పనులకే పరిమితమై యుండెను. ఏడు కిలోమీటర్ల యంత్రమును ఏలుటకు ఒకమారు పదునారు గుండీలు చాలినవి గదా! మూడు పడకగదుల ఇంటికై మనవారు ఒకే పుటలో అరువది డెబ్బది గళ్లను క్రిక్కిరియించుచున్నారు.

గృహమునకు కంప్యూటరును తెచ్చు ప్రయత్నము వేరొక దారిని నడచినది. 1966లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున జిమ్ సదర్లాండ్ అను వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు ఎకో-4 అను భారీ యంత్రమును స్వగృహముననే నిర్మించుకొనెను. 1975లో స్కాట్లాండునుండి ఇంటి కరెంటు తీగల మీదుగనే ఆజ్ఞలను పంపు ఎక్స్-10 పద్ధతి వెలువడెను. ఇక నియంత్రణశాలల విషయమునకు వచ్చినచో, మనకు చేరువనే, సికింద్రాబాదునకు ఈశాన్యమున, 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, టి.డి.సి.-12 కంప్యూటరును 1969లో వెలువరించుటయే గాక, దేశములోని అణువిద్యుత్కేంద్రములకు నియంత్రణ సామగ్రిని గూడ సమకూర్చినది. అట్టి నియంత్రణశాలలలో హెచ్చరిక దీపములు సర్వము సవ్యముగా నున్నంతకాలము ఆరియే యుండును. తేడా వచ్చినపుడే వెలుగును. ఈ సంప్రదాయము ఇంటి గోడకును తగినదే. ట్యాంకు నిండియున్నపుడు నీటిమట్టమును నిరంతరము చూపనేల? అడుగంటినపుడు చూపిన చాలును.

2010లో ఆపిల్ సంస్థ ఐప్యాడును ప్రకటించిన పిదప టాబ్లెట్ సామాన్యునకు పరిచితమైనది. మరుసటి సంవత్సరము అక్టోబరు 5న ఢిల్లీలో ఆవిష్కృతమైన ఆకాశ్ టాబ్లెట్, డేటావిండ్ సంస్థ కొరకు మన హైదరాబాదు కర్మాగారముననే కూర్పబడినది. మూడు వేల రూపాయలలోపు విలువగల ఆ పరికరములో 366 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యామ్, గట్టిగా నొక్కినగాని స్పందింపని ఏడంగుళముల తెర యుండెను. మందకొడి యని అందరును దానిని నిందించిరి. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో ప్రాసెసరు ఒక గిగాహెర్ట్‌జ్‌కు, ర్యామ్ 512 మెగాబైట్లకు పెరిగి, తెర మెత్తని స్పర్శనే గ్రహింపసాగెను. ఆ నిందలో న్యాయమున్నను, పెద్ద యంత్రములకై వ్రాయబడిన వెబ్ పుటలను ఆ చిన్ని యంత్రముపై తెరచి, అవి నత్తనడక నడచినవని యంత్రమునే తప్పుపట్టుట సరిగాదని నాకు తోచును.

మన గోడ టాబ్లెట్ల విషయమునను జరుగుచున్నది ఇదియే. వీని వెనుక తరచుగా పనిచేయునది, 2013లో నెదర్లాండ్స్ దేశీయుడైన పౌలస్ స్కౌట్సెన్ ప్రారంభింపగా లోకమునందలి ఔత్సాహికు లెందరో పెంచి పెద్దచేసిన హోమ్ అసిస్టెంట్ అను సాఫ్ట్‌వేరు. ఇది ఇంటిలో ఒక మూలనున్న రాస్‌ప్‌బెరీ పై వంటి చిన్న కంప్యూటరులో నడచును. టాబ్లెట్ చూపునది ఒక వెబ్ పుట మాత్రమే. ఏ సెన్సరు విలువ మారినను ఆ వార్త వెంటనే బ్రౌజరును చేరును. బ్రౌజరు ఆ గడిని మరల చిత్రించును. తెర సెకనునకు 60 మారులు మారునది గావున ఒక్కొక్క చిత్రణకు పదునారు మిల్లీసెకన్ల పైచిలుకు కాలమే లభించును. సెకనున కొకమారు విలువ మార్చు కరెంటు మీటరును, ఇరువదినాలుగు గంటల గ్రాఫులను, నీడలు, మసకలు, కదలు నేపథ్యములుగల అలంకారములను ఒకే పుటలో కూర్చినచో ఆ గడువు తప్పును. తప్పిన గడువులు ప్రోగుపడగా, వ్రేలి స్పర్శ తన వంతుకై వేచియుండవలసివచ్చును.

కావున చికిత్సలో మొదటిది భారమును దించుట. టాబ్లెట్‌కు ప్రత్యేకముగా ఒక చిన్న పుటను నిర్మించి, నిత్యము తాకు పది పండ్రెండు గళ్లను మాత్రమే అందుంచి, తక్కినవానిని లోపలి పుటలకు పంపవలెను. మీటరు విలువను అర నిమిషమున కొకమారు పంపునట్లు హోమ్ అసిస్టెంట్ నడచు కంప్యూటరులోనే కట్టుబాటు చేయవలెను. నాలుగువేల పిక్సెళ్ల వెడల్పు, మూడువేల ఎత్తుగల ఇంటి ప్లాను బొమ్మను నేపథ్యముగా నుంచినచో, ఫైలు ఎంత చిన్నదైనను, విప్పిన పిమ్మట అది ర్యామ్‌లో 48 మెగాబైట్లను ఆక్రమించును. తెరకు సరిపడ 1280, 800 పిక్సెళ్లకు కుదించినచో నాలుగు మెగాబైట్లతో సరిపోవును. అన్నిటిని మించిన భారము కెమెరా దృశ్యమును ఎడతెగక ప్రవహింపజేయుట. పది సెకన్ల కొకమారు ఒక నిశ్చలచిత్రమును చూపి, దానిని తాకినపుడే ప్రత్యక్షదృశ్యమును తెరచుట ఉత్తమము. అపుడును సి.సి. కెమెరాల వారు సబ్‌స్ట్రీమ్ అను చిన్న ప్రవాహమునే, అదియు హెచ్.264 పద్ధతిలో, కోరవలెను; ఏలయన, హెచ్.265 ప్రవాహమును విప్పుటకు ప్రత్యేక భాగము లేని పాత చిప్పులు ప్రాసెసరు బలమంతయు దానికే ధారపోయవలసివచ్చును.

యంత్రమునందును శోధింపవలసినవి కొన్ని గలవు. పాఠముల కాలమున చేరిన యాప్‌లు, ఆటలు తెరవెనుక మేలుకొనియే ర్యామ్‌ను పంచుకొనుచుండును. నిండిపోయిన స్టోరేజి వ్రాతలో మందగించును. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, తెరనిండ ఒకే పుటను చూపు కియోస్క్ బ్రౌజరు నొక్కదానిని మాత్రము వేసి, వెబ్ పుటలను చిత్రించు వెబ్‌వ్యూ అను భాగమును ప్లేస్టోరునుండి నవీకరించినంతనే పెక్కు టాబ్లెట్లు తేరుకొనును.

ఇక మన వాతావరణమునకు సంబంధించిన సంగతి. వేసవిలో నలువది డిగ్రీలు దాటు మన ఊరిలో, పడమటెండకు వేగిన గోడమీద, రాత్రింబవళ్లు ఛార్జరుకు తగులుకొనియుండు లిథియం బ్యాటరీ నిరంతరము తన పూర్తి వోల్టేజి యైన 4.2 వద్ద నిలిచియుండి, ఆ వేడిమిచే లోపల వాయువు పుట్టి ఉబ్బును. ఉబ్బిన బ్యాటరీ తెరను పైకెత్తును, ప్రమాదమునకును హేతువగును. అట్టిదానిని కనుగొన్న వెంటనే విద్యుత్తును తొలగించి వాడుక మానవలెను. ఉబ్బకమునుపే వేడిమి ప్రాసెసరును తాకి, అది తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. మధ్యాహ్నము మందగించి రాత్రి చురుకుగా నుండు టాబ్లెట్‌కు ఇదియే కారణము. ఛార్జరును స్మార్ట్ ప్లగ్గుకు తగిలించి, బ్యాటరీ ఛార్జి నలువది శాతమునకు తగ్గినపుడు వెలిగించి ఎనుబది శాతమునకు చేరినపుడు ఆర్పునట్లు హోమ్ అసిస్టెంట్‌కే అప్పగించుట, తూర్పు లేక ఉత్తరపు లోగోడను ఎన్నుకొనుట, వెనుకవైపు గాలి ఆడుటకు సందు విడుచుట, ఎవరును లేనపుడు తెరను ఆర్పుట చేయదగినవి. మనుష్యుల రాకను కనిపెట్టు పనిని టాబ్లెట్ కెమెరాకు అప్పగింపక, వేరుగా ఒక చౌకయైన మోషన్ సెన్సరుకు ఇచ్చుట మేలు. గోడలో దాచిన ఛార్జింగు తీగ విషయమున జాగ్రత్త అవసరము: ఐదు మీటర్ల మిక్కిలి సన్నని తీగలో ఒక ఆంపియరు ప్రవహించినచో ఐదు వోల్టులలో ఒకటికి పైగా దారిలోనే హరించిపోవుటయు గలదు. మందపు తీగ వేయవలెను, లేదా ఛార్జరునే టాబ్లెట్ దాపున అమర్చవలెను.

ఇంతచేసినను పాతది లొంగనపుడు, పార్కు లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు పరిసరముల దుకాణములలో మరియొక వాడిన టాబ్లెట్‌ను వెదకుట తప్పుగాదు. అపుడు ప్రాసెసరు పేరును మించి చూడవలసినవి కలవు: ర్యామ్ మూడు గిగాబైట్లకు తగ్గరాదు, చాల పాత ఆండ్రాయిడ్‌కు క్రొత్త క్రోమ్ రాదు గనుక వెర్షను సంఖ్యను అడుగవలెను, వెనుక మూతను బల్లపై ఆనించి సమముగా కూర్చుండునో లేదో పరీక్షింపవలెను, ఛార్జింగు పిన్ను వదులుగా నున్నచో, గోడకెక్కిన పిమ్మట దానిని సర్దుటకు వీలుండదు గావున, ఎంత చౌకయైనను ఆ యంత్రమును విడిచిపెట్టవలెను.