ప్రింటర్‌ మొరాయిస్తే... ఉద్యమం పుట్టింది!

ప్రింటర్‌ తగిలించారు. కాగితం పెట్టారు. ప్రింట్‌ నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు! లైనక్స్‌ కంప్యూటర్‌ వాడేవారికి ఒకప్పుడు ఇది మామూలే. ప్రింటర్‌తో వచ్చే సీడీలో విండోస్‌కి డ్రైవర్‌ ఉండేది. లైనక్స్‌కి చాలాసార్లు ఉండేది కాదు. డ్రైవర్‌ అంటే దుబాసీ. కంప్యూటర్‌ మాటని ప్రింటర్‌కి అర్థమయ్యేలా చెబుతుంది. దుబాసీ లేకపోతే ఎంత ఖరీదైన ప్రింటరైనా మూగదే.

విచిత్రమేంటంటే... లైనక్స్‌కి దారివేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ ఉద్యమం వెనక ఉన్నదీ ఓ ప్రింటరే!

ఇవ్వనంటే ఇవ్వను

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్‌ సంస్థ ఓ లేజర్‌ ప్రింటర్‌ ఇచ్చింది. వేగం బాగానే ఉన్నా కాగితం తరచూ ఇరుక్కునేది. పాత ప్రింటర్‌కి ఆ బాధ వచ్చినప్పుడు అక్కడి ప్రోగ్రామర్‌ రిచర్డ్‌ స్టాల్‌మన్‌ ప్రోగ్రామ్‌ని మార్చి, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు వెళ్లేలా చేశాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్‌కోడ్‌ లేదు. కార్నెగీ మెలన్‌ విశ్వవిద్యాలయంలో అది ఉన్న వ్యక్తిని అడిగితే, ‘ఎవరికీ ఇవ్వనని మాటిచ్చా’నన్నాడు. ఆ చేదు అనుభవం స్టాల్‌మన్‌ని ఆలోచనలో పడేసింది. 1983లో ఆయన ‘గ్నూ’ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో లైనస్‌ టోర్వాల్డ్స్‌ రాసిన లైనక్స్‌ దానికి జతకలిసింది.

అందరికీ ఒకటే

తర్వాత ప్రింటర్‌ చిక్కు విప్పినవాడు మైఖేల్‌ స్వీట్‌. ఆయన రాసిన ‘కప్స్‌’ 1999లో విడుదలైంది. ప్రింట్‌ పనులను వరసలో పెట్టి ఒక్కొక్కటిగా ప్రింటర్‌కి పంపడం దాని పని. 2002లో ఆపిల్‌ కూడా తన మ్యాక్‌ కంప్యూటర్లలో దాన్నే పెట్టుకుంది. మరోపక్క ఔత్సాహికులు వందలాది మోడళ్లకు సొంతంగా డ్రైవర్లు రాశారు. అందుకే కొత్త విండోస్‌కి డ్రైవర్‌ దొరకక అటకెక్కిన పాత ప్రింటర్లు కొన్ని లైనక్స్‌లో చక్కగా పనిచేస్తుంటాయి!

కొనేముందు చూడండి

ఇప్పుడొస్తున్న నెట్‌వర్క్‌ ప్రింటర్లలో చాలావాటికి ప్రత్యేక డ్రైవరే అక్కర్లేదు. పెట్టె మీద ‘ఎయిర్‌ప్రింట్‌’ అనో ‘ఐపీపీ ఎవ్రీవేర్‌’ అనో ఉంటే సాధారణంగా లైనక్స్‌ తనే గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతే బ్రౌజర్‌లో ‘లోకల్‌హోస్ట్‌:631’ అని ఇంగ్లిషులో కొట్టండి. కప్స్‌ పేజీ తెరుచుకుంటుంది. చాలా కంప్యూటర్లలో అక్కడి నుంచే ప్రింటర్‌ని జతచేయొచ్చు, ఆగిపోయిన పనిని రద్దు చేయొచ్చు.

పాత ప్రింటర్‌ని తుక్కు కింద అమ్మేసే ముందు ఓసారి లైనక్స్‌కి తగిలించి చూడండి. మళ్లీ పలుకుతుందేమో!