సైకిలు యాత్రలో దూరానికి సరియైన కొలత

సెలవులలో సైకిలుపై దూరదేశము చూచి రావలెనని సంకల్పించినవారు మొట్టమొదట పటము ముందు వేసుకొని ఊరికీ ఊరికీ నడుమ దూరము కొలుస్తారు. రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున పది రోజులకు 600 కిలోమీటర్లు అని లెక్క కట్టటం సులభమే. కాని ఆ లెక్కనే నమ్మి బయలుదేరినవాడు మూడవనాడే, ప్రొద్దు గ్రుంకే వేళకు, వానలో తడుస్తూ కొండదారి మధ్య చిక్కుకొనవచ్చు. పటము చూపే దూరము వేరు, కాళ్ళకు తెలిసే దూరము వేరు. ఈ రెండవదానిని ముందుగా తెలుసుకొనుట ఎట్లాగో న్యూజీలాండు దక్షిణ ద్వీపమును ఉదాహరణగా తీసుకొని చూద్దాము.

ఆ ద్వీపమునకు పడమటి వైపుగా దక్షిణ ఆల్ప్సు పర్వతాలు వెన్నెముకవలె సాగుతున్నవి. వాటిలో అత్యున్నతమైన అవోరాకి లేక కుక్ శిఖరము ఎత్తు 3,724 మీటర్లు. హిమానీనదాలు, నీలి సరస్సులు, దట్టమైన అడవులు అన్నీ అక్కడ ఉన్నవి. వాటితోపాటు ఎత్తులు, ఎదురుగాలులు కూడా ఉన్నవి.

సైకిలు, సామాను, తొక్కేవాడు కలిసి 100 కిలోగ్రాములు అనుకొందాము. ఆరోగ్యవంతుడైన సామాన్యుడు గంటల తరబడి నిలకడగా వినియోగించగల సామర్థ్యము సుమారు 100 వాట్లు. గాలి లేనప్పుడు చదునైన మంచి రోడ్డుపై ఈ సామర్థ్యముతో గంటకు 20 కిలోమీటర్లు పోవచ్చు. 50 మీటర్లకు ఒక మీటరు లేచే ఎక్కుడులో అదే శ్రమతో వేగము 12 కిలోమీటర్లకు దిగుతుంది. 10 మీటర్లకు ఒక మీటరు లేచే ఎక్కుడులోనైతే గంటకు మూడున్నర కిలోమీటర్లే! అది మామూలు నడకకన్న తక్కువ. అంత మెల్లని వేగములో సైకిలు నిలవటమే కష్టము. దిగి నెట్టవలసి రావచ్చు.

ఈ శ్రమకు ఆహారము ఎంత కావలెను? 100 కిలోగ్రాములను 500 మీటర్లు పైకి చేర్చటానికి 4,90,000 జౌళ్ళ పని జరగవలెను. మన కండరాలు ఆహారశక్తిలో నాలుగవ వంతు మాత్రమే పనిగా మార్చగలవు; తక్కినది వేడిగా పోతుంది. కాబట్టి ఈ ఒక్క ఎక్కుడుకే సుమారు 470 కిలోకేలరీలు అవసరము. సామాను 10 కిలోగ్రాములు తగ్గించుకొంటే ఎక్కుడు పనిలో పదవ వంతు తగ్గినట్లే.

ఇక గాలి సంగతి. గాలి కలిగించే నిరోధము సాపేక్ష వేగము యొక్క వర్గమునుబట్టి పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఎదురైతే, చదును రోడ్డుపై 100 వాట్ల సామర్థ్యముతో పోగలిగే వేగము 12 కిలోమీటర్లు మాత్రమే. అదే గాలి వెనుకనుండి వీస్తే 34 కిలోమీటర్లు. అనగా 60 కిలోమీటర్లకు ఒక దిశలో ఐదు గంటలు, మరొక దిశలో గంటా ముప్పాతిక పడుతుంది. పోయేటప్పుడు కలిగిన నష్టము వచ్చేటప్పుడు తీరిపోతుందనుకోవటము పొరపాటు. గాలి లేకుంటే రానుపోను ఆరు గంటలే గదా! ఇక్కడ ముప్పాతిక గంట నష్టము మిగిలింది. ఎదురుగాలిలో గడిపే కాలమే ఎక్కువ కావటము దీనికి కారణము.

న్యూజీలాండులో ఈ విషయము మరీ ముఖ్యము. దక్షిణ ద్వీపము నావికులు ‘గర్జించే నలభైలు’ అని పిలిచిన అక్షాంశాలలో ఉన్నది. అక్కడ పడమటి గాలులదే ప్రాబల్యము. సముద్రమునుండి వచ్చే తేమగాలి పర్వతాలను ఎక్కుతూ చల్లబడి పడమటి వైపే వాన కురుస్తుంది. మిల్ఫర్డ్ సౌండు వద్ద సాలీనా 6,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడితే, తూర్పున అలెగ్జాండ్రా పట్టణములో 400 మిల్లీమీటర్లయినా పడదు. పడమటి కనుమలకు ఇవతల రాయలసీమ వానలకు ఎందుకు ముఖము వాచినదో ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు.

సముద్రతీరమందలి హాస్టు గ్రామమునుండి వనాకా పట్టణానికి పోయే దారిని చూడండి. మధ్యనున్న హాస్టు కనుమ ఎత్తు సుమారు 560 మీటర్లు. వనాకా సరస్సు నీటిమట్టము దాదాపు 280 మీటర్లు. కావున సరస్సు వైపునుండి వచ్చేవానికి ఎక్కుడు సగమే. కాని వాయవ్యపు గాలి బలముగా వీచే రోజున అది వానికి ఎదురు నిలుస్తుంది. ఏ వైపునుండి మేలో పటము ఒక్కటే చెప్పలేదు. వాతావరణ సూచన కూడా చూడవలెను.

ఈ లెక్కలో పొరపడితే పోయేది కాలము మాత్రమే కాదు. చెమటతోనో వానతోనో తడిసిన బట్టలతో కొండ దిగేవానికి తన వేగమే చలిగాలి అవుతుంది. ఒక్కొక్క గ్రాము నీరు ఆవిరి కావటానికి సుమారు 580 కేలరీల వేడి దేహమునుండే లాగుకొంటుంది. వ్రేళ్ళు కొయ్యబారి బ్రేకు పట్టలేకపోవటము, వణకు, ఆలోచన మందగించటము వరుసగా వస్తవి. అందుచేత వేసవిలోనైనా ఒక పొడి ఉన్నిచొక్కా, వానకోటు దగ్గర ఉండవలెను. అక్కడ వేసవి డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు. డిసెంబరులో పగలు 15 గంటలకు పైగా ఉంటుంది.

క్రొత్తవారికి అనువైన దారి కూడా ఒకటి ఉన్నది. ఒటాగో మధ్యభాగములో 1990లో మూతపడిన రైలుమార్గమును సైకిలు బాటగా మార్చి 2000లో తెరిచారు. క్లైడునుండి మిడిల్‌మార్చి వరకు 152 కిలోమీటర్లు. ఇనుప పట్టాలపై ఇనుప చక్రాలకు పట్టు తక్కువ. వాలు ఎక్కువైతే ఇంజను జారుతుంది. అందుచేత ఆనాటి ఇంజనీర్లు వాలు 50కి ఒకటి మించకుండా, సొరంగాలు త్రవ్వి, వంతెనలు కట్టి దారి వేశారు. ఇంజనుకోసము పడిన ఆ శ్రమ నేడు సైకిలువానికి ఉపకరిస్తున్నది.

కావున యాత్రా ప్రణాళికలో ప్రతి రోజుకు ఎదురుగా దూరము, మొత్తము ఎక్కుడు, గాలి దిశ అను మూడింటినీ వ్రాసుకొనవలెను. నాలుగైదు రోజులకు ఒక రోజు ఖాళీగా ఉంచుకొనవలెను. ఖాళీ రోజు ఉన్నవాడు తుఫానులో కనుమ ఎక్కటానికి తొందరపడడు.

ఈ లెక్కను పరీక్షించటానికి న్యూజీలాండు వరకు పోనక్కరలేదు. రద్దీ లేని ఒక కిలోమీటరు చదును రోడ్డు, ఒక గడియారము, గాలి వీచే ఒక సాయంకాలము చాలును. విద్యార్థులు ఒకే శ్రమతో అటూ ఇటూ తొక్కి, కాలము వ్రాసుకొని, రెండింటినీ కూడి చూచుకొంటే, పటము చెప్పని దూరము వారికే తెలుస్తుంది.