చదువు రాని పిల్లవాడు మొద్దు కాడు



"వానికి చదువు అబ్బలేదు" అను మాట మన పల్లెలలో తరచుగా వినుచుందుము. ఆ మాట విని కొందరు నుదుటివ్రాత యని ఊరకుందురు; కొందరు సోమరితనమని పిల్లవానిని దండింతురు. ఈ రెండును పొరపాట్లే యని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా నుండి నేనును ఆ పొరపాటు చేసినవాడనే గనుక, ఈ సంగతి మీకు మనవి చేయుట నా విధి యని తలంచుచున్నాను.

దేవరకొండ ప్రాంతమందలి యొక పల్లెలో నేను ఉద్యోగమున చేరిన తొలిదినములలో, మూడవ తరగతిలో గొల్లవారి పిల్లవాడొకడు ఉండెను. రాత్రి ఒగ్గుకథ విన్నచో తెల్లవారి దానిని మొదటినుండి తుదివరకు చెప్పెడివాడు. మంద ఇల్లు చేరునప్పుడు ఏ గొర్రె తక్కువైనదో చూచినంతనే కనుగొనెడివాడు. కాని వాచకము చేతికిచ్చినచో ఒక వాక్యమైనను చదువలేడు. నిన్న దిద్దిన అక్షరము నేడు వానికి కొత్తదియే. ఇంత తెలివిగలవాడు చదువకుండుట బద్ధకమే యని నిశ్చయించి, గోడకుర్చీ వేయించితిని, ఈతబరికెతో కొట్టితిని. ఏడాది తిరుగకమునుపే వాడు బడి మానెను. చాల యేండ్లకు అంగడిలో కనబడి, ఒక కాగితము నా చేతికిచ్చి చదివి చెప్పుమనెను. నా ముఖము చూచి, "మీ తప్పేం లేదు సారూ, నేనే మొద్దును" అనెను. బరికె దెబ్బలు మానినవి గాని ఆ మాట వానిలో నిలిచిపోయినది. దానిని వానికి నేర్పినవాడను నేనే.

నల్లగొండ జిల్లావారికి ఒక సంగతి బాగుగా తెలియును. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఎముకలు వంగిపోయినవారిని చూచి పూర్వము కర్మ యనియు శాప మనియు అనుకొనెడివారు. బావినీటిలో ఫ్లోరైడు మితిమీరి యున్నదని తెలిసిన పిమ్మట ఆ నింద తొలగి, నీటిని మార్చవలెనను ఆలోచన కలిగినది. పటిక, సున్నము కలిపి ఆ నీటిని శుద్ధిచేయు ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. కారణము తెలిసినచోట నింద పోయి ఉపాయము వచ్చును. చదువు రాని పిల్లల విషయమునను అట్లే జరుగవలెను. అయితే ఇక్కడ కారణము నీటిలో లేదు. మెదడు అల్లికలో నున్నది.

మాటలాడుట మానవునకు ప్రకృతి యిచ్చిన విద్య. లిపి పుట్టి సుమారు 5000 సంవత్సరములే యైనది. కనుక చదువుటకని మెదడులో పుట్టుకతో ప్రత్యేకస్థానము లేదు. చూపునకు, వినికిడికి, మాటకు ఏర్పడిన భాగములను అభ్యాసముచే కలుపుకొని మెదడు ఈ పని సాధించును. "క" అను ఆకారమును గుర్తించుట ఒక పని. దాని ధ్వనిని తలచుట మరియొక పని. ధ్వనులను కూర్చి మాటగా గ్రహించుట ఇంకొక పని. ఎక్కువమందిలో ఈ దారులు మెదడు ఎడమభాగమున నుండును. 1892లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు డెజెరిన్ ఒక రోగిని వర్ణించెను. రక్తప్రసారము ఆగి మెదడు ఎడమవైపు వెనుకభాగము చెడిపోగా, అతడు మాటలాడగలిగెను, వ్రాయగలిగెను. కాని తాను వ్రాసినదానినే చదువలేకపోయెను.

కొందరు పిల్లలలో ఏ దెబ్బయు తగులకుండగనే, పుట్టుకనుండియే ఈ దారులు బలహీనముగా నుండును. దీనిని డిస్లెక్సియా యందురు. మెదడు పనిచేయు తీరును చూపు యంత్రములతో పరీక్షింపగా, చదువునప్పుడు ఎడమవైపునందలి ఆ స్థానములు ఇతరులలో వలె చురుకుగా నుండుట లేదని కనబడినది. ఇది కొన్ని కుటుంబములలో తరతరములకు వచ్చుటయు కలదు. అంకెలతో చిక్కుపడు పిల్లలును, చేతివ్రాతతో చిక్కుపడు పిల్లలును ఉన్నారు. వీటన్నిటిని కలిపి అభ్యసన వైకల్యము లనుచున్నారు. ఇది మందబుద్ధి కాదు.

1896లో ఇంగ్లండునందు ప్రింగిల్ మోర్గన్ అను వైద్యుడు 14 ఏండ్ల బాలుని గూర్చి వ్రాసెను. ఆ బాలుడు లెక్కలలో చురుకైనవాడు, ఆటలలో ఎవరికిని తీసిపోడు. చదువుట మాత్రము రాదు. బోధన అంతయు నోటిమాటగా సాగినచో బడిలో వాడే మొదటివాడగునని వాని ఉపాధ్యాయుడు చెప్పెనట. ఈ మాట చదివినప్పుడు నాకు మన పాత వీధిబడి తలపునకు వచ్చినది. అక్కడ అమరకోశము, ఎక్కములు చెవితో విని వల్లెవేయుటయే ప్రధానము. ఒగ్గుకథ నోటికి చెప్పిన నా శిష్యుడు అట్టి బడిలో గట్టివాడే యనిపించుకొనెడివాడేమో!

మ-య, ప-ష, ద-ధ లను తారుమారు చేయుట, వత్తులను విడిచిపెట్టుట మొదట అందరు పిల్లలకును సహజమే. తోడిపిల్లలు దాటిపోయిన రెండుమూడేండ్లకును అదే తడబాటు నిలిచియుండి, నోటితో అడిగినచో చక్కగా చెప్పు పిల్లవాడు కనబడినయెడల, మొదట కన్నును చెవిని పరీక్ష చేయించవలెను. అవి బాగున్నచో ఈ వైకల్యమును శంకింపవలెను. దీనికి మందు లేదు గాని బోధన కలదు. ఒక్కొక్క ధ్వనిని దాని అక్షరముతో జతపరచి, కొద్దికొద్దిగా, క్రమముగా, మరల మరల నేర్పవలెను. చదువుటకు, వ్రాయుటకు ఎక్కువ సమయ మీయవలెను. ఇట్టి శిక్షణ పొందిన పిల్లలలో మెదడునందలి ఆ స్థానములు మునుపటికంటె చురుకైనట్లు పరీక్షలలో తేలినది. భయపెట్టినచో ఉన్నదియు మరచును.

ఇక ఆటిజం అనునది వేరొక స్థితి. ఇది చదువునకు సంబంధించినది కాదు. ఇతరులతో మెలగు తీరునకు సంబంధించినది. 1943లో అమెరికాలోని బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వివరించెను. పేరు పెట్టి పిలిచినను బిడ్డ తిరిగి చూడదు, చెవుడు లేదు. వ్రేలితో చంద్రుని చూపదు, కన్నులలోనికి చూచుట తక్కువ, మాట ఆలస్యమగును. వస్తువులను వరుసగా పేర్చి, ఆ వరుస చెడినచో తల్లడిల్లును. పెండ్లి డప్పు, టపాకాయ చప్పుడు కొందరికి సహింపరాని బాధ.

ఇట్టి బిడ్డ పుట్టినచో మన ఊళ్ళలో మొదట తల్లిని నిందింతురు. పాశ్చాత్య వైద్యులలోను కొందరు ఒకప్పుడు తల్లి ప్రేమలేమియే కారణ మనిరి. అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రింలాండ్ అను మనోవిజ్ఞానవేత్త 1964లో గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. బిడ్డ గర్భమున నుండగనే మెదడు పెరుగుటలో కలుగు భేద మిది. వంశబీజముల పాత్ర ఇందులో అధికము. టీకా వలన వచ్చునను మాటయు నమ్మదగదు. 1998లో అట్లు సూచించిన వ్యాసమును, ప్రచురించిన లాన్సెట్ పత్రికయే 2010లో ఉపసంహరించుకొనెను. తాయెత్తుతో, వాతలతో ఇది కుదురదు. ఎంత చిన్నవయస్సున గుర్తించి మాటకు, ఆటకు, మెలగుటకు శిక్షణ ప్రారంభించినచో అంత మేలు.

సహాయము దూరమున లేదు. సికింద్రాబాదు మనోవికాస్ నగరులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మేధోవైకల్యము గల పిల్లలకై పనిచేయుచున్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లలను పరీక్షించును. ప్రత్యేక అవసరములు గల పిల్లలకై మండలములలో భవిత కేంద్రములు కలవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఈ రెండును చేరినవి. అభ్యసన వైకల్యమును వీలైనంత త్వరగా కనుగొని తగిన బోధన చేయవలెనని ఆ చట్టమే విధించుచున్నది. పిల్లలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది.

అయినను చట్టము తనంత తాను మన వాకిటికి రాదు. బిడ్డను వెంటబెట్టుకొని పోవుటకు తల్లికి ధైర్యము చెప్పువారు కావలెను. పల్లెలో ఆ మాటకు విలువ మీ నోటినుండియే కలుగును. రచ్చకట్టమీద ఎవరైన ఒక పిల్లవానిని మొద్దని పిలిచినప్పుడు, "ఆగుము, ముందు చూపింతము" అని మీలో ఒక్కరన్నను చాలును. నా శిష్యుని చిన్ననాట ఆ మాట అనువారు లేకపోయిరి. నేటి పిల్లలకు మీరున్నారు.