శిల, ఖనిజం, స్ఫటికం, రత్నం

తెలుగులో ‘రాయి’ చాలా ఉదారమైన మాట. వంటగది గట్టు మీద పరిచిన గ్రానైట్ పలకా రాయే, ఉంగరంలో పొదిగిన కెంపూ రాయే. శాస్త్రం ఈ ఒక్క మాటకు బదులు నాలుగింటిని వాడుతుంది. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం.

ఖనిజం అనే మాట పదార్థం ఏమిటో చెబుతుంది. ప్రకృతిలో సహజంగా ఏర్పడి, నిర్దిష్టమైన రసాయనిక కూర్పు, పరమాణువుల క్రమబద్ధమైన అమరిక గల ఘనపదార్థం ఖనిజం. అటువంటి ఖనిజాలు కలిసి గట్టిపడితే శిల. హైదరాబాదు చుట్టూ ఎవరో పేర్చినట్టు నిలిచిన గ్రానైట్ బండలను పగలగొడితే గాజులా మెరిసే క్వార్ట్జ్, గులాబీ లేదా బూడిదరంగు ఫెల్డ్‌స్పార్, నల్లని అభ్రకం విడివిడిగా కంటికి కనిపిస్తాయి. పాలరాయిలో దాదాపు అంతా కాల్సైట్ అనే ఒకే ఖనిజం.

స్ఫటికం అనే మాట లోపలి అమరికకు సంబంధించినది. వాడుకలో స్ఫటికమంటే స్వచ్ఛమైన క్వార్ట్జ్. స్ఫటికమాల పూసలు దానివే. శాస్త్రంలో ఆ మాటకు అర్థం విస్తృతమైనది. పరమాణువులు లేదా అణువులు ఒకే క్రమంలో పదే పదే అమరిన ఏ ఘనపదార్థమైనా స్ఫటికమే. అందుకే చక్కెర పలుకు స్ఫటికమే కాని ఖనిజం కాదు. దుకాణాలలో ‘క్రిస్టల్’ పేరుతో అమ్మే గాజుపాత్రలో ఆ క్రమం లేదు కనుక అది స్ఫటికమే కాదు.

రత్నం అన్నది మాత్రం మనిషి ఇచ్చిన హోదా. అందం, మన్నిక, అరుదుదనం దానికి కొలతలు. నవరత్నాలనే లెక్కించి చూడవచ్చు. కెంపు, నీలం, నేటి వర్తకంలో పుష్యరాగంగా చెలామణి అయ్యే పసుపు రాయి, ఈ మూడూ కురువిందమనే ఒకే ఖనిజం; రంగులలోనే భేదం. పచ్చ బెరిల్, గోమేధికం గార్నెట్, వైడూర్యం క్రిసోబెరిల్, వజ్రం శుద్ధ కార్బన్. ముత్యం, పగడం ప్రాణుల సృష్టి కనుక వాటిని ఖనిజాలలో చేర్చరు. అంటే రత్నాలు తొమ్మిది, ఖనిజాలు అయిదే.

ఈ తేడా తెలియనప్పుడు రాజులు కూడా పొరబడ్డారు. బ్రిటిష్ రాజకిరీటంలోని ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ కెంపు కాదు, స్పినెల్. కెంపు అల్యూమినియం ఆక్సైడ్. స్పినెల్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది. రెండింటికీ ఎర్రదనం ఇచ్చేది క్రోమియమే, రెండూ తరచు ఒకే చోట దొరుకుతాయి. స్ఫటికాల ముఖాల మధ్య కోణాలను కొలిచిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోమె ద లీల్ 1783లో ఈ రెండింటినీ వేరుచేశాడు. నేటి పరీక్షకు కూడా ఆధారం స్ఫటికనిర్మాణమే: కెంపులో ప్రవేశించిన కాంతి రెండు కిరణాలుగా చీలుతుంది, స్పినెల్‌లో చీలదు.

ప్రయోగశాలలో పెంచిన కెంపుకు కూర్పు, అమరిక రెండూ సహజమైన కెంపువే. ప్రకృతిలో పుట్టలేదు కనుక అది ఖనిజం కాదు. ధర కూడా బాగా తక్కువ. అందువల్ల పరీక్షాపత్రంలో రత్నం పేరుతో ఆగిపోకూడదు. అది ఏ ఖనిజమో, సహజమో కృత్రిమమో తెలిపే పంక్తులను కూడా చదవాలి. కొనుగోలుదారుకు అసలు రక్షణ అక్కడే ఉంది.