బండిమీది పాత స్టిక్కర్లు తీయు విధము

నేడు పెక్కు ఇండ్లలో స్కూటరు కలదు. వెల తక్కువని కొందరు, అక్కర తొందరచే కొందరు, ఒకరు వాడిన బండినే కొనుచున్నారు. అట్టి బండి వెంట పాత యజమాని పేరును, అతని దుకాణపు ప్రకటనయు, అతని పిల్లలు అంటించిన బొమ్మలును వచ్చును. మన సొంత బండియే యైనను, ఏండ్ల తరబడి యెండకు మాడిన రంగుగీతలు పగిలి, అంచులు లేచి చూచుటకు వికారముగా నుండును. వానిని కత్తితో గీకుట సామాన్యముగా జరుగు పని. బొమ్మతోపాటు బండిరంగును లేచిపోవును. ఇనుమునకు రంగే కవచము గదా! గాటుపడిన చోట వానకాలమున తుప్పు పుట్టును.

ఈ స్టిక్కర్లలో పెక్కింటిని వినైలు అను ప్లాస్టిక్కుతో చేయుదురు. 1872లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు యూజెన్ బౌమన్ దీనిని మొదట వర్ణించెను. అది పెళుసైన పదార్థము. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అను నతడు కొన్ని ద్రవ్యములు చేర్చి దానిని రబ్బరువలె సాగునట్లు చేసెను. మెత్తదనమునిచ్చు ఆ ద్రవ్యములు ఎండకు, కాలమునకు మెల్లగా తొలగిపోవును. అందుచేతనే పాత స్టిక్కరు ముడుచుకొని, లాగిన కొలది పెంకులు పెంకులుగా విరుగును. అయితే దాని క్రింది జిగురు మాత్రము వేడి తగిలినచో మెత్తబడును. ఈ యొక్క సంగతి తెలిసినచో కత్తితో పని లేదు.

మొదట బండిని సబ్బునీటితో కడిగి, బాగుగా ఆరనీయవలెను. దుమ్ముండగా తుడిచినచో రంగుపై గీతలు పడును. పిమ్మట తల యార్చుకొను హెయిర్ డ్రయ్యరును జానెడు దూరమున నుంచి, ఒకచోట నిలుపక అటునిటు త్రిప్పుచు, చేయి యోర్చునంత వేడి చేయవలెను. ఒక మూలను గోటితోగాని పాత ప్లాస్టిక్ కార్డుతోగాని లేపి, స్టిక్కరును దానిమీదికే మడిచి మెల్లగా లాగవలెను. తెగినచో మరల వేడిచేయుడు. డ్రయ్యరు లేనివారు వేడినీట ముంచి పిండిన గుడ్డను కొంతసేపు కప్పి యుంచవచ్చును. దీపము, కొవ్వొత్తి మొదలగు మంటలు బండి దరికి రాకూడదు, పెట్రోలున్నదని మరువరాదు. డ్రయ్యరునైనను పెట్రోలు పోసిన వెంటనే గాని, పెట్రోలు మూత దగ్గర గాని వాడరాదు. తడిచేతులతో దానిని తాకరాదు.

మిగిలిన జిగురుపై కొబ్బరినూనె రాచి, పావుగంట యుంచి, మెత్తని నూలుగుడ్డతో రుద్దుడు. అప్పటికిని పోనిచో నీలగిరి తైలము రెండు చుక్కలు వాడవచ్చును. కాని ముందుగా కనబడని చోట పరీక్షింపవలెను. తుదకు సబ్బునీటితో జిడ్డు వదలించుడు. గోళ్లరంగు తీయు ద్రవమును మాత్రము ముట్టకుడు. వానిలో పెక్కింట అసిటోను ఉండును. అది స్కూటరు ప్లాస్టిక్ భాగములను కరగించును, రంగును చెరుచును. థిన్నరు సంగతియు నంతే. కిరసనాయిలు, పెట్రోలు అగ్నిభయమునకు, తలనొప్పికి మూలములు.

మరమ్మతుచేసి మరల రంగువేసిన బండియైనచో స్టిక్కరుతో రంగును రావచ్చును. ఒక మూల చూచి, రంగు లేచినచో ఆపివేయుట మేలు.

అంతయు తీసిన పిదపను కొన్నిచోట్ల పాత యక్షరముల ఛాయ కనబడును. అది మురికి కాదు. చుట్టునున్న రంగు ఎండకు వెలసినది. స్టిక్కరు క్రిందిది క్రొత్తగానే యున్నది. పాలిషుతో ఆ భేదము కొంత తగ్గును; గట్టిగా రుద్దినందున లాభము లేదు.

తీయరానివియు కలవు. రాత్రివేళ వెలుగు పడగానే మెరయు పట్టీలు ప్రాణరక్షణకై యుంచినవి. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన కార్ల ముందుటద్దముపై నుండు రిజిస్ట్రేషను చీటిని కదలింపరాదు. వెనుక యద్దమున సన్నని తీగలవంటి గీతలున్నచో అచ్చట బ్లేడు పెట్టకుడు. మంచును పోగొట్టు ఆ తీగలు తెగును.

ఊడిన ముక్కలను చెత్తతో కాల్చుట హానికరము. వినైలు కాలినప్పుడు ఊపిరితిత్తులకు హానిచేయు ఆమ్లపు పొగ వెడలును. పొడిచెత్త బుట్టలో వేయుడు.

ఈ పని తీరిక గల యొక మధ్యాహ్నమున ముగియును. పనివానికే అప్పగింపదలచినచో, దగ్గర నిలిచి, "ముందు వేడిచేయుము; కత్తి పెట్టవలదు" అని స్పష్టముగా చెప్పుడు. బండి మనది, దాని పోషణ తెలిసి మాటాడు హక్కును మనదే.