బ్యాటరీ బండి వెనుక భూగర్భ శాస్త్రం



హోసూరు రోడ్లమీద ఇప్పుడు చప్పుడు, పొగ లేని బండ్లు చాలా తిరుగుతున్నాయి. ఏథర్ స్కూటర్లు, టీవీయస్ ఐక్యూబ్ హోసూరులోనే తయారవుతున్నాయి. కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర 2021లో ఓలా కర్మాగారం వెలిసింది. ఎన్నో ఇళ్ళకు ఈ బండ్లే కూడు పెడుతున్నాయి. వాటి పుట్టుక మాత్రం రాతిలో మొదలవుతుంది.

బ్యాటరీకి ప్రాణం లిథియం. లోహాలన్నిటిలోకీ తేలికైనది. ప్రపంచానికి ఇది ఎక్కువగా ఆస్ట్రేలియా రాతి గనుల నుంచి, చిలీ, అర్జెంటీనాల ఉప్పునీటి నుంచి వస్తుంది. శుద్ధి చేసే పని చాలావరకు చైనాలో జరుగుతుంది. అక్కడ సరుకు ఆగితే ఇక్కడి షిఫ్టుల మీద దెబ్బ పడుతుంది.

"మన చుట్టూ ఇన్ని గ్రానైట్ కొండలున్నాయి గదా, మన దగ్గర దొరకదా?" అని అడగవచ్చు. మన బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి. కరిగిన శిల భూమి లోపల మెల్లగా చల్లబడేటప్పుడు ఖనిజాలు ఒకదాని తర్వాత ఒకటి గట్టిపడతాయి. వాటిలో లిథియానికి చోటు కుదరదు. పెళ్ళి భోజనాల్లో ముందు బంతుల్లో చోటు దొరకనివాళ్ళు కడబంతికి మిగిలినట్టు, అది చివరి ద్రవంలో మిగులుతుంది. ఆ ద్రవం బండల చీలికల్లో చేరి గట్టిపడితే పెద్ద పెద్ద పలుకుల రాయి అవుతుంది. దాని పేరు పెగ్మటైట్. అన్ని పెగ్మటైట్లలోనూ లిథియం ఉండదు. కాబట్టి గ్రానైట్ ఉన్నచోటల్లా లిథియం ఉంటుందనుకోరాదు.

పొరుగున కర్ణాటకలో, మండ్య జిల్లా మర్లగల్ల ప్రాంతపు పెగ్మటైట్లలో 1,600 టన్నుల లిథియం ఉండవచ్చని 2021లో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. 2023 ఫిబ్రవరిలో జమ్మూ ప్రాంతంలోని రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల వనరు ఉందన్న ప్రకటన వచ్చింది. దేశమంతా సంబరపడింది. అయితే వేలానికి చాలినంతమంది ముందుకు రాక 2024లో అది రద్దయింది.

ఎందుకిలా? ఈ రెండు లెక్కలూ "ఊహించిన వనరు" అనే తరగతివి. బోరు వేయించిన రైతుకు ఈ మాట సులభంగా అర్థమవుతుంది. నీటి జాడ చెప్పగానే మోటారు కొనం. బోరు దించి, ఎన్ని అంగుళాల నీళ్ళు పడ్డాయో చూస్తాం. ఖనిజానికీ అంతే. మొదట భూమి పటం గీస్తారు, రాళ్ళు, మట్టి పరీక్షిస్తారు. తర్వాత దూరదూరంగా, ఆపైన దగ్గరదగ్గరగా బోర్లు వేస్తారు. టన్ను రాయిలో ఎంత లోహముందో, దాన్ని గిట్టుబాటుగా తీయవచ్చునో, గనికి ఎంత నీరు, ఎంత భూమి కావాలో తేల్చాలి. దీనికి ఏళ్ళు పడుతుంది.

అందుచేత పత్రికలో "లిథియం నిధి" అని చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎన్ని బోర్లు వేసి చెప్పిన మాట ఇది? రాతిలో లోహం పాలెంత? ఆ ఊరి చెరువులకు, పొలాలకు ఏమవుతుంది? ఇవి తేలకముందే భూమి అమ్మేవాడూ, కొనేవాడూ తొందరపడరాదు.

మరొక మాట. పాత బ్యాటరీ కూడా చిన్న గనే. 2022 నాటి నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. దాన్ని చెత్తకుప్పలో వేయకుండా డీలరుకు అప్పగిస్తే, అందులోని లోహం మళ్ళీ ఒక బండిని నడిపిస్తుంది.