కారు బీమా పత్రము: తప్పులు దిద్దుకొను వేళ

ఉదయము తొమ్మిది గంటల వేళ సంగారెడ్డి నుండి పటాన్‌చెరు వైపు ప్రయాణించిన వారికి ఆ దారి రద్దీ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. పుణెను మచిలీపట్నముతో కలుపు 65వ జాతీయ రహదారి ఇది. కంది, ఇస్నాపూర్, ముత్తంగి దాటునంతలో పాశమైలారం కర్మాగారములకు పోవు బస్సులు, సరుకు లారీలు, ట్యాంకర్లు, వాని నడుమ ఉద్యోగుల చిన్న కార్లు బారులు తీరి కదలుచుండును. ఈ దారిలో తిరుగు ప్రతి కారునకు ఒక బీమా పాలసీ, కాగితముగా గాని, చేతి ఫోనులో గాని, ఉండి తీరవలెను. ఉన్నది సరే, అందులో ఏమి వ్రాసియున్నదో చదివినవారు ఎందరు?

ఈ ప్రశ్నను ఇతరులను అడుగుటకు ముందు మమ్ము మేమే అడుగుకొనవలసి వచ్చినది. ఇటీవల మేము సంగారెడ్డిలో ఒక పాత కారు కొంటిమి. అమ్మినవారు పటాన్‌చెరులో ఉద్యోగము చేయు ఒక పెద్దమనిషి. రిజిస్ట్రేషను పత్రము, అనగా ఆర్.సి., మా పేరునకు మారినది. పాత బీమా గడువు ముగియవచ్చినందున ఒక ఏజెంటు ద్వారా క్రొత్త పాలసీ తీసికొంటిమి. సొమ్ము చెల్లించిన అరగంటకే పాలసీ ఫోనునకు వచ్చినది. ఎంత సొమ్మో, ఏ తేదీ వరకో చూచి ఊరకుంటిమి. ఆ రాత్రి మా కుమార్తె దానిని ఆర్.సి. ప్రక్కన పెట్టుకొని చదివి, "నాన్నగారూ, ఇది మన కారేనా?" అని అడిగినది.

అందులో నాలుగు తప్పులు బయటపడినవి. మా ఇంటిపేరులో ఒక అక్షరము మారినది. ఛాసిస్ నంబరులో ఒక అంకె తప్పు. కారు కొనుటకు అప్పిచ్చిన బ్యాంకు పేరు లేదు. నాలుగవది, మేమెన్నడును సంపాదింపని 50 శాతము నో క్లెయిమ్ బోనసు మాకున్నట్లు వ్రాసియున్నది. మొదటి మూడింటిని చూచి విసుగుకొంటిమి. నాలుగవ దానిని చూచి, నిజము చెప్పవలెనన్న, లోలోపల కొంత సంతోషించితిమి. ఆ సంతోషమే అన్నిటికంటె పెద్ద తప్పని పిమ్మట తెలిసినది.

బీమా పాలసీ రసీదు కాదు. అది ఒక ఒప్పందము. మనము ఇచ్చిన వివరములను నమ్మి సంస్థ తన బాధ్యతను లెక్క కట్టుకొనును. ఈ ఒప్పందమునకు పరిపూర్ణమైన విశ్వాసము పునాది అని 1766లోనే ఇంగ్లండులో మాన్స్‌ఫీల్డు ప్రభువు తీర్పు చెప్పెను. నేటికిని మన దేశపు బీమా న్యాయము ఆ సూత్రము మీదనే నిలచియున్నది. కావున పాలసీలోని ప్రతి గడియు మనము పలికిన ఒక మాట వంటిది. ఏజెంటు వ్రాసినను, గుమాస్తా టైపు చేసినను, ప్రమాదము జరిగిననాడు అది మన మాటగానే పరిగణింపబడు అవకాశము కలదు.

తప్పులన్నియు ఒకే జాతివి కావు. మొదటి జాతి గుర్తింపునకు సంబంధించినవి: పేరు, చిరునామా, రిజిస్ట్రేషను నంబరు, ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు. మన ప్రాంతములో ఈ తప్పులకు ఒక ప్రత్యేక కారణము కూడ కలదు. సంగారెడ్డి 2016 అక్టోబరు 11న మెదక్ నుండి విడివడి ప్రత్యేక జిల్లా అయినది. ఒకనాటి మెదక్ జిల్లా బండ్లకు ఏ.పి. 23 గుర్తు, తరువాత సంగారెడ్డి బండ్లకు టి.ఎస్. 15, 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు టి.జి. 15. పాత బండ్లకు పాత అక్షరములే కొనసాగుచున్నవి. అలవాటు చొప్పున టి.ఎస్.ను టి.జి.గా టైపు చేసినచో ఆ నంబరు మరియొక బండిది కావచ్చును, లేక అసలు ఏ బండిదియు కాకపోవచ్చును. ప్రభుత్వ వాహన జాబితాలో మీ కారునకు బీమా లేనట్లే కనబడవచ్చును. బీమా లేక బండి నడిపినందుకు మొదటిసారి 2,000 రూపాయలు, మరల దొరికినచో 4,000 రూపాయలు జరిమానా. మూడు నెలల వరకు జైలుశిక్షకు కూడ చట్టము అవకాశమిచ్చుచున్నది.

ఛాసిస్ నంబరులో 17 గుర్తులుండును. ఒకటి, సున్న అను అంకెలతో పొరపడకుండుటకై ఇంగ్లీషు అక్షరములలో ఐ, ఓ, క్యూ అను మూడింటిని అందులో వాడరు. మీ పాలసీలోని నంబరులో ఈ మూడింటిలో ఏది కనబడినను అది తప్పేయని వెంటనే గ్రహింపవచ్చును.

రెండవ జాతి తప్పులు సొమ్మునకు సంబంధించినవి. కారు వయస్సును బట్టి దాని బీమా విలువ తగ్గును. సంస్థలు సాధారణముగా అనుసరించు పట్టిక ప్రకారము మూడేండ్లు దాటి నాలుగేండ్లు నిండని కారునకు 40 శాతము, నాలుగు దాటి అయిదు నిండని దానికి 50 శాతము తగ్గింతురు. ఎనిమిది లక్షల రూపాయల ధర గల కారు తయారైన సంవత్సరమును ఒక యేడు వెనుకకు వ్రాసినచో 4,80,000 ఉండవలసిన విలువ 4,00,000 అగును. కారు పూర్తిగా నాశనమైననాడు ఆ ఎనుబది వేలు మనకు రావు. ఇంజిను పరిమాణము కూడ అట్టిదే. 2022 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన పట్టికలో 1,000 సి.సి. మించని సొంత కారునకు ఇతరుల నష్టమునకై చేయు బీమా ప్రీమియము 2,094 రూపాయలు. 1,000 దాటి 1,500 మించని దానికి 3,416 రూపాయలు. 1,197 సి.సి. కారును 998 అని వ్రాయుట అక్షర దోషముగా కనబడును గాని, అది తక్కువ సొమ్ము చెల్లించుట అగును.

నో క్లెయిమ్ బోనసు కూడ ఈ జాతిదే. ఒక యేడు పరిహారము కోరనివారికి 20 శాతము, ఆ పిమ్మట క్రమముగా 25, 35, 45, 50 శాతముల వరకు సొంత కారు నష్టమునకు చెల్లించు ప్రీమియములో తగ్గింపు లభించును. ఈ బోనసు కారుది కాదు, యజమానిది. కారు అమ్మినవారు దానిని నిలుపుకొని, మూడేండ్లలోగా తమ మరియొక కారునకు వాడుకొనవచ్చును. కొన్నవారికి అది సంక్రమించదు. మా ఏజెంటు పాత పాలసీని చూచి క్రొత్తది వ్రాసెను. అమ్మిన పెద్దమనిషి అయిదేండ్ల జాగ్రత్తకు వచ్చిన ఫలము మా ఖాతాలో పడినది. ఈ ప్రకటన తప్పని తేలినచో సొంత కారు నష్టమునకు సంబంధించిన లాభములన్నియు పోవునని ప్రతిపాదన పత్రములోనే షరతు ఉండును. కొన్ని వేల తగ్గింపునకు ఆశపడి లక్షల పరిహారమును పణముగా పెట్టుట ఇది. మనకు నష్టము కలిగించు తప్పును మనమే వెదకి పట్టుకొందుము. లాభము కలిగించు తప్పును చూచియు చూడనట్లుందుము. అపాయమంతయు అచ్చటనే ఉన్నది.

మూడవ జాతి వాడుకకు, యాజమాన్యమునకు సంబంధించినవి. పారిశ్రామిక వాడలలో కర్మాగారముల షిఫ్టులకు మనుష్యులను చేరవేయుటకై కార్లను నెలకింతయని కిరాయికి కుదుర్చుట కలదు. సొంత వాడుకకని బీమా చేసిన తెల్ల పలక కారును ఇట్లు నడిపినచో, కిరాయి వాడుక అనునది చట్టమే బీమా సంస్థకిచ్చిన అభ్యంతరములలో ఒకటి యని మరువరాదు. గ్యాసు కిట్టు అమర్చుకొన్నవారు ఆ సంగతిని ఆర్.సి.లోను, పాలసీలోను చేర్పింపవలెను.

కారు చేతులు మారినప్పుడు పాలసీని తన పేరునకు మార్పించుకొనుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 157వ విభాగము కొన్నవానికి 14 దినముల గడువిచ్చినది. ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించినంతవరకు పాలసీ కారుతో పాటు దానంతటదే మారినట్లు చట్టము భావించును. సొంత కారు నష్టమునకు మాత్రము సంస్థతో వేరుగా ఒప్పందము కావలెనని సుప్రీంకోర్టు 1996 నాటి నివేదికలలో ప్రచురితమైన ఒక తీర్పులో స్పష్టపరచినది. ఆ వ్యాజ్యములో పాలసీ కొన్నవారి పేరునకు మారకముందే కారు ప్రమాదమునకు గురియైనది, పరిహారము రాలేదు.

కాలము విషయమున మరియొక తీర్పు మరింత కఠినముగా బోధించును. 1991 డిసెంబరు 10న మధ్యాహ్నము 2 గంటల 20 నిమిషములకు ఒక ప్రమాదము జరిగినది. అదే దినము 2 గంటల 55 నిమిషములకు ఆ బండికి బీమా చేయించిరి. బీమా సంస్థ బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు నిర్ణయించినది. ముప్పదియైదు నిమిషముల తేడా! అందుచేత పాలసీ మొదలగు తేదీతో పాటు గంటను కూడ చూడవలెను. పాత పాలసీ ముగియు ఘడియకు, క్రొత్తది మొదలగు ఘడియకు మధ్య ఖాళీ ఉండరాదు.

ఇక దిద్దుకొను పద్ధతి. పాలసీ చేతికి వచ్చిననాడే దానిని ఆర్.సి., డ్రైవింగు లైసెన్సు, పాత పాలసీ, అప్పు పత్రములతో పోల్చి చూడవలెను. ఒకరు పైకి చదువగా మరియొకరు సరిచూచుట మేలు. స్వయముగా నడుపు యజమానికి గల 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాలో వారసుని పేరు సరిగా ఉన్నదో లేదో చూడవలెను. తప్పు కనబడినచో ఏజెంటుకు ఫోనులో చెప్పి ఊరకుండరాదు. బీమా సంస్థకు జాబు గాని, ఈమెయిలు గాని వ్రాసి, అందు పాలసీ నంబరు, అచ్చయినది ఎట్లున్నదో, ఉండవలసినది ఎట్లో ఎదురెదురుగా చూపి, ఆర్.సి. నకలు జతపరుపవలెను. సంస్థ పాలసీని దిద్దుచు ఇచ్చు పత్రమును ఎండార్స్‌మెంటు అందురు. కొన్ని దిద్దుబాట్లకు అదనపు ప్రీమియము ఉండదు, కొన్నింటికి ఉండును, కొన్నింటికి సొమ్ము తిరిగి వచ్చును. ఎండార్స్‌మెంటు చేతికి అందువరకు తప్పు దిద్దబడినట్లు కాదు. అది వచ్చిన పిమ్మట దానిని కూడ చదివి, ఏ తేదీ నుండి అమలగునో గమనింపవలెను.

సంస్థ పలుకనిచో మార్గములు లేకపోలేదు. ముందు ఆ సంస్థలోనే ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. దేశమంతటి బీమా వ్యాపారమును నియంత్రించు ప్రాధికార సంస్థ కార్యాలయము పటాన్‌చెరుకు దూరము కాని నానక్‌రామ్‌గూడలోనే ఉన్నది; దాని బీమా భరోసా ద్వారా ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఒక నెలలో ప్రత్యుత్తరము రానిచో, వచ్చినను తృప్తి కలుగనిచో, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. అచ్చట రుసుము లేదు; వకీలుతో పనిలేదు. మనము ఇచ్చిన ప్రతిపాదనకు భిన్నముగా పాలసీ జారీయగుట ఆయన విచారింపదగిన ఫిర్యాదులలో ఒకటిగా 2017 నాటి నియమములలోనే చేర్చబడినది. అందుచేత ప్రతిపాదన పత్రపు నకలును దాచుకొనుట మిక్కిలి అవసరము.

మా సంగతి చెప్పి ముగింతుము. బోనసు మాట ఎత్తగానే మా ఏజెంటు నవ్వి, "వదిలేయండి సార్, ఎవరు చూస్తారు?" అనెను. చూచువారు లేనన్నాళ్ళు నిజమే. ప్రమాదము జరిగిన మరునాడు చూచువారు తప్పక వత్తురు. ఆనాడు మేము, "ఇది మాకు తెలియదు" అని చెప్పగలమా? మేము నాలుగు తప్పులను ఒకే జాబులో వ్రాసి పంపితిమి. ఆరవ దినమున ఎండార్స్‌మెంటు వచ్చినది. బోనసు తీసివేసినందుకు అదనముగా సొమ్ము చెల్లింపవలసి వచ్చినది, చెల్లించితిమి. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట వలన లాభము లేదు. ఏమియు జరుగని దినములలో చేసిన దిద్దుబాటు గుమాస్తా పని. ప్రమాదము జరిగిన పిమ్మట అదే దిద్దుబాటు వివాదమగును, ఒక్కొక్కప్పుడు అనుమానమగును.

ఆ సాయంకాలము మా కుమార్తె రెండు పత్రములను మరల ప్రక్కప్రక్కన పెట్టి, పదునేడు గుర్తులను వ్రేలితో తాకుచు చదివి, "ఇప్పుడిది మన కారే" అనినది. మీ ఇంట కూడ ఈ రాత్రి ఒక పావుగంట ఈ పనికి కేటాయింపుడని మా మనవి.